పికప్‌కి సొంతంగా చేసుకునే గూస్‌నెక్ హిచ్: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ నుంచి పరకాల వెళ్లే దారిలో మాకో వెల్డింగ్ షాపు ఉంది. ట్రాలీ డబ్బాలు, కేజ్ వీల్స్, రోటవేటర్ రిపేర్లు, గేట్లు... రోజూ ఇదే పని. ఈ మధ్య కుర్రాళ్లు ఫోన్‌లో అమెరికా వీడియో ఒకటి తెచ్చి చూపిస్తున్నారు. పికప్ డెక్ మధ్యలో ఒక ఇనుప బంతి, దాని మీద వంగిన మెడతో వచ్చి కూర్చున్న పొడవాటి ట్రైలర్. "అన్నా, ఇట్లాంటిది మన బొలెరోకు చేసిస్తవా?" అని అడుగుతారు. ప్రతి ఒక్కరికీ టీ తాగినంతసేపు చెప్పేదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

అసలు గూస్‌నెక్ అంటే ఏంటి? మన ట్రాక్టర్ ట్రాలీ హుక్కుకీ దీనికీ తేడా ఏంటి?

హిచ్ అంటే బండికి ట్రైలర్ తగిలించే ఏర్పాటు. గూస్ అంటే పెద్దబాతు. దాని మెడలాగా ట్రైలర్ ముందుభాగం పైకి లేచి, పికప్ వెనుక అంచు మీదుగా లోపలికి వచ్చి, మళ్లీ కిందికి వంగి బంతి మీద కూర్చుంటుంది. మన ట్రాలీ హుక్కు ట్రాక్టర్ వెనకాల కింద ఉంటుంది, పిన్ను గుచ్చి తగిలిస్తాం. పిన్ను చుట్టూ కొంత ఖాళీ ఉంటుంది, అందుకే గేరు మార్చినప్పుడల్లా 'టక్' మంటుంది. బంతి మీద టోపీలా కప్పు కూర్చునే పద్ధతిలో ఆ ఖాళీ చాలా తక్కువ. పైగా ట్రైలర్ ఎటు ఒరిగినా, ఎటు తిరిగినా బంతి మీద తిరుగుతుంది.

అసలు తేడా మాత్రం బరువు ఎక్కడ పడుతుందన్నదే. గూస్‌నెక్‌లో ట్రైలర్ మొత్తం బరువులో 20 నుంచి 25 శాతం బంతి మీద కూర్చుంటుంది. వెనుక బంపర్ దగ్గర తగిలించే మామూలు ట్రైలర్‌లో ఇది 10 నుంచి 15 శాతమే.

అంత బరువు మీద పెట్టుకోవడం ఎందుకు? బంపర్ దగ్గరే బంతి బిగిస్తే పోదా?

ఎత్తు మీద ఎక్కువ లోడుతో ట్రాక్టర్ ముందు చక్రాలు లేచిపోవడం చూడని రైతు ఉండడు. ఇక్కడా సంగతి అదే.

లెక్క చూడండి. పికప్ ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య 3 మీటర్లు అనుకుందాం. బంపర్ బంతి వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల వెనకాల ఉంది. దాని మీద 300 కిలోలు పెడితే వెనుక ఇరుసు మీద పడేది 300 కాదు, 420. ఆ అదనపు 120 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచి వచ్చినవే. స్టీరింగ్ తేలికైపోతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది. అదే 300 కిలోలు ఇరుసుకు సరిగ్గా పైన పెడితే ముందు చక్రాలకు ఏమీ తెలియదు. ట్రైలర్ తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగడం కూడా చాలావరకు తగ్గుతుంది. తోసే బలం ఇరుసు దగ్గరే ఉంటే బండి వెనుకభాగాన్ని పక్కకు తిప్పే మీట (లీవర్) దొరకదు కదా.

ఇది చట్టప్రకారం చెల్లుతుందా? పోలీసులు పట్టుకుంటారా?

అందరూ చివర్లో అడిగే ప్రశ్న ఇది. మొదట్లోనే అడగాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లో ట్రైలర్ వేరు, సెమీ ట్రైలర్ వేరు. సెక్షన్ 2(39) ప్రకారం, కొంతభాగం లాగే బండి మీదకు ఎక్కి, తన బరువులో కొంత దాని మీద మోపేది సెమీ ట్రైలర్. గూస్‌నెక్ అచ్చంగా అదే. సెమీ ట్రైలర్ తగిలించిన బండిని చట్టం ఆర్టిక్యులేటెడ్ వాహనం అంటుంది. అంటే మీరు చేస్తున్నది "పికప్‌కి ఒక కొక్కెం పెట్టడం" కాదు, బండి రకాన్నే మార్చడం.

సెక్షన్ 52 ఇంకొకటి చెబుతుంది. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడాగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ సంగతి మీరే ఊహించుకోండి. ప్రమాదం జరిగినప్పుడు సర్వేయర్ మొట్టమొదట చూసేది ఆ బంతినే.

అందుకే నేను ఇప్పటిదాకా బిగించినవన్నీ రోడ్డెక్కని బండ్లకే. పెద్ద మామిడి తోటల్లో, కోళ్ల ఫారాల్లో, రైస్‌మిల్లు ఆవరణలో తిరిగే పాత పికప్‌లు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలడానికి కావాలంటే నా దగ్గర దొరకదు. రోడ్డు మీద తిప్పాలన్న పట్టుదల ఉంటే ముందు ఆర్టీవో ఆఫీసులో లిఖితపూర్వకంగా అడగండి, ఇనుము తర్వాత కొనొచ్చు.

నా పికప్ ఎంత బరువు లాగగలదు?

ఇంజన్ ఎంత లాగుతుందన్నది కాదు ప్రశ్న, వెనుక ఇరుసు ఎంత మోస్తుందన్నది.

1.7 టన్నుల పేలోడ్ (బండి మీద వేయగల బరువు) ఉన్న పికప్ తీసుకోండి. నిండుగా లోడైన ట్రైలర్ 2 టన్నులు అయితే బంతి మీద 400 నుంచి 500 కిలోలు. హిచ్ ఇనుము ఒక 60 కిలోలు. ఆ 560 కిలోలు పేలోడ్‌లోంచి తీసేయాలి. మిగిలినంతే డెక్ మీద వేయాలి. "ట్రైలర్ ఉంది కదా" అని డెక్ మీద కూడా యూరియా బస్తాలు పేర్చేవాళ్లను చూశాను. కమాన్ పట్టీలు తిరగబడి నవ్వుతుంటాయి.

క్లచ్ సంగతి వేరే. ఎత్తు గట్టు మీద, బురదలో, మొదటి గేరులో హాఫ్ క్లచ్ మీద రెండు టన్నులు లాగితే వాసన ముందు వస్తుంది, ఖర్చు తర్వాత వస్తుంది. నా మట్టుకు ట్రైలర్, దాని లోడు కలిపి పికప్ సొంత బరువును దాటనివ్వను. ఎవరో రాసిన నియమం కాదిది. చాలా బండ్లను చూసిన మీదట నేను పెట్టుకున్నది.

బంతి సరిగ్గా ఎక్కడ రావాలి?

వెనుక ఇరుసు మధ్యగీతకు 5 నుంచి 10 సెంటీమీటర్లు ముందు, అంటే క్యాబిన్ వైపు. ఇరుసుకు వెనకాల ఒక్క సెంటీమీటరు కూడా వద్దు. వెనకాలకు పోతే పైన చెప్పిన మీట లెక్క మళ్లీ మొదలవుతుంది.

కొలిచేటప్పుడు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఖాళీ బండి మీద చక్రం మధ్య చూసి డెక్ మీద గీత గీస్తారు. కమాన్ పట్టీలు లోడుకు సాగినప్పుడు ఇరుసు కొద్దిగా వెనక్కి జరుగుతుంది. అందుకని డెక్ మీద ఐదారు వందల కిలోలు వేసి, సమతలంగా ఉన్నచోట నిలిపి, రెండు వైపులా చక్రం సరిగ్గా మధ్య నుంచి ఓలంబం దారం వదిలి, నేల మీద గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దారం లాగండి. ఆ దారమే మీ ఇరుసు గీత. అడ్డంగా మధ్య బిందువును ఛాసిస్ రెండు పట్టీల (బండి పొడవునా పోయే ఇనుప దూలాల) నుంచి కొలవండి, డెక్ అంచుల నుంచి కాదు. డెక్ బాడీ ఎప్పుడూ ఒక వైపు కాస్త జరిగే ఉంటుంది.

ఛాసిస్‌కి నేరుగా వెల్డ్ చేస్తే పని తేలిక కదా?

తేలికే. నేనూ అలాగే చేశాను, మొదటిసారి.

మా మేనమామ తోటలో ఒక పాత పికప్ ఉండేది. ఛాసిస్ పైఅంచు మీద 6 మి.మీ. ప్లేటు పరిచి, చుట్టూ వెల్డ్ వేసి, దాని మీద బంతి బిగించాను. చూడటానికి నున్నగా, నేనే మెచ్చుకునేలా వచ్చింది. ఆ యాసంగి అంతా గడ్డి కట్టలు బాగానే తోలాడు. వానలు పడ్డాక ఒకరోజు టైరు మార్చడానికి కింద దూరితే, వెల్డు అంచు పొడుగునా ఎర్రటి పొడి సన్నగా కారి ఉంది, కుంకుమ రాలినట్టు. తుడిస్తే కింద వెంట్రుకంత గీత. అది ప్లేటులో లేదు, ఛాసిస్ పట్టీలో ఉంది. వేలిగోరు పెడితే పట్టుకుంది.

ఎందుకు విరిగిందో తర్వాత అర్థమైంది. ఛాసిస్ వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది పై అంచు, కింది అంచుల్లోనే. సరిగ్గా అక్కడే నేను వేడి పెట్టి లోహం గుణం మార్చాను, పైగా అడ్డంగా ఒక వెల్డు గీత వేశాను. బండి ప్రతి గుంతలో వంగినప్పుడల్లా ఆ గీత దగ్గరే ఆగి ఆగి వంగింది. ట్రక్కుల కంపెనీలు ఛాసిస్ అంచుల మీద వెల్డ్ చేయొద్దు, రంధ్రం వేయొద్దు అని బాడీ కట్టేవాళ్లకు చెప్పేది ఇందుకే.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ఛాసిస్ నిలువు గోడకు బయటి వైపు నుంచి సైడ్ ప్లేటు ఆనించి బోల్టులతో బిగిస్తాను. ఉన్న రంధ్రాలు దొరికితే వాటినే వాడుకుంటాను. లేకపోతే గోడ మధ్య ఎత్తులో డ్రిల్లుతో వేస్తాను. గ్యాస్ కటింగ్‌తో రంధ్రం మాత్రం ఎప్పుడూ వేయను. పట్టీ డబ్బాలాగా నాలుగు వైపులా మూసి ఉంటే లోపల పైపు ముక్క పెట్టి దానిలోంచి బోల్టు దూర్చాలి. లేదంటే బిగించేకొద్దీ డబ్బా నొక్కుకుపోతుంది, బోల్టు వదులవుతూనే ఉంటుంది.

ఏ ఇనుము వాడాలి, ఎంత మందం?

రెండు సైడ్ ప్లేట్లు 10 మి.మీ., వాటిని కలుపుతూ డెక్ కింద అడ్డంగా రెండు 100×50 మి.మీ. చానెళ్లు (ఒక వైపు తెరిచి ఉండే ఇనుప దూలాలు), ఆ చానెళ్ల పైన 16 మి.మీ. మధ్య ప్లేటు, దానిలో బంతి. కొత్త ప్లేటు తీసుకోండి. పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికే ముక్కకు దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు.

చానెల్ సరిపోతుందా అని సందేహం ఉంటే ఇలా చూడండి. బంతి మీద 500 కిలోలు. గుంతలో ఎగిరిపడితే మూడింతలు అనుకుందాం, 1,500. ఛాసిస్ పట్టీల మధ్య దూరం 85 సెంటీమీటర్లు. రెండు చానెళ్లూ నిలువుగా నిలబడి ఈ బరువు పంచుకుంటే వాటిలో వచ్చే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 42 న్యూటన్ల చుట్టూ ఉంటుంది. మామూలు మెత్తని ఉక్కు వంగి తిరిగిరాకుండా పోయే హద్దు 250. అంటే ఆరో వంతు.

"అయితే ఇంకా సన్నం చేద్దాం" అనకండి. కిందికి పడే బరువుకు చానెల్ గట్టిది. ముందుకు వెనక్కి తోసే బలానికి అదే చానెల్ అందులో సుమారు ఐదో వంతే గట్టిది. బ్రేకు కొట్టినప్పుడు ట్రైలర్ తోసేది ఆ దిశలోనే. రెండు చానెళ్లను మధ్య ప్లేటు కలిపి పట్టుకుంటేనే ఆ తోపుకు నిలుస్తాయి. అందుకే మధ్య ప్లేటును బంతి పట్టేంత చిన్న ముక్కగా పెట్టకండి, కనీసం 40 సెంటీమీటర్ల పొడవు ఉండాలి.

మొత్తం కలిపి 55 నుంచి 60 కిలోలు తూగుతుంది. ప్లేటు బరువు లెక్క చాలా సులువు. మందం మిల్లీమీటర్లను 7.85తో గుణిస్తే చదరపు మీటరుకు కిలోలు వస్తాయి. ఇనుము కొట్టువాడు కాంటా పెట్టేలోపు మీ దగ్గర అంకె ఉంటే మంచిది.

బోల్టులు?

ప్రతి వైపూ నాలుగు, 16 మి.మీ., తలమీద 8.8 లేదా 10.9 అని ముద్ర ఉన్నవి. ముద్ర లేని బోల్టు గేటుకు వాడుకోండి. 8.8లో మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దగ్గర తెగుతుందని. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం దగ్గర సాగడం మొదలవుతుందని.

చాలామంది బోల్టు తెగుతుందని భయపడతారు. తెగడం చాలా అరుదు, వదులవడమే మామూలు. బోల్టు పని మరలతో బరువు మోయడం కాదు. ప్లేటునూ ఛాసిస్ గోడనూ ఒకదానికొకటి గట్టిగా అదిమి పట్టడం. వదులైతే ప్లేటు కదులుతుంది, రంధ్రం కోడిగుడ్డు ఆకారం తిరుగుతుంది, అప్పుడు తెగుతుంది. 16 మి.మీ. 8.8 బోల్టును సుమారు 200 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో బిగించాలి. రెంచి లేకపోతే మీటరు పైపు చివర 20 కిలోల బలం అనుకోండి. ప్లేటుకూ ఛాసిస్‌కూ మధ్య మందపాటి పెయింటు వద్దు. అది నలిగి, బిగువంతా పోతుంది. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి తేలిగ్గా వదులవనిది) పెట్టి, 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించండి.

బంతిని లేత్ మీద తిప్పించుకుంటే చవక కదా?

వద్దు. హిచ్ అంతా చేసిస్తాను కానీ బంతి మాత్రం చేయను. ఎంత దగ్గరివాడు అడిగినా సరే.

గూస్‌నెక్‌కు అమెరికాలో వాడే మామూలు బంతి రెండు అంగుళాల ఐదు పదహారో వంతులు, అంటే 58.7 మి.మీ. మన దగ్గర చిన్న ట్రైలర్లకు దొరికేది 50 మి.మీ. రెండు అంగుళాలది 50.8 మి.మీ. ఈ మూడూ కంటికి ఒకేలా కనిపిస్తాయి. 58.7 కప్పులో 50 బంతి పెడితే తగిలినట్టే ఉంటుంది, మొదటి ఒర్రెలో బయటికి దూకుతుంది. అందుకే కంపెనీ బంతి మీద కొలతా, మోసే బరువూ చెక్కి ఉంటాయి. చెక్కడం లేనిది కొనకండి.

లేత్ మనిషి సాధారణంగా తిప్పేది ఈఎన్8 అనే రకం ఉక్కు కడ్డీ. దానిలో కార్బన్ 0.4 శాతం దగ్గర ఉంటుంది. బంతిగా బాగానే ఉంటుంది. కానీ "వదులైతే కష్టం, ఒక చుక్క వెల్డ్ పెట్టు అన్నా" అని మధ్య ప్లేటుకు అతికిస్తారు చూడండి, అక్కడ చెడుతుంది. ఆ ఉక్కు వెల్డు పక్కన గాజులా పెళుసవుతుంది. కంపెనీ బంతిని కూడా ఎప్పుడూ వెల్డ్ చేయకూడదు, కింద నట్టుతోనే బిగించాలి.

డెక్ షీటు మీదే ప్లేటు పరిచి బిగిస్తే కుదరదా?

కుదరదు. డెక్ ఒక రేకు. దాని కింద రబ్బరు ప్యాడ్లు. బరువు నేరుగా ఛాసిస్‌కి చేరాలి. డెక్‌లో బంతి దూరేంత రంధ్రం చేసి, దాన్ని తాకకుండా చుట్టూ ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి.

వెల్డింగ్‌కు ఏ రాడ్డు మంచిది?

సైడ్ ప్లేటుకూ చానెల్‌కూ, చానెల్‌కూ మధ్య ప్లేటుకూ పడే వెల్డులకు 7018 నంబరు రాడ్డు. రోజూ గేట్లకు వాడే 6013 తేలిగ్గా అంటుకుంటుంది, నున్నగా వస్తుంది. కానీ పదేపదే ఊగే బరువుకు 7018 మేలు.

7018తో చిక్కు ఏంటంటే దానికి తేమ పడదు. ప్యాకెట్ విప్పి వానాకాలంలో షాపు మూల పడేసిన రాడ్డుతో వేసే వెల్డులో హైడ్రోజన్ చేరి, చల్లారాక లోపల పగుళ్లు వస్తాయి. మర్నాటికి కానీ బయటపడవు. మా దగ్గర ఓవెన్ ఉంది కాబట్టి వాడేముందు కాల్చి, వేడి డబ్బాలో పెట్టి తీస్తాం. ఓవెన్ లేని షాపులో పాత 7018 కంటే కొత్త ప్యాకెట్ అప్పుడే విప్పి వాడటం నయం.

ఈ వెల్డులన్నీ బండి బయట, బల్ల మీద వేయండి. బండి మీద బోల్టులు మాత్రమే. తప్పనిసరై బండి మీద వెల్డ్ చేయాల్సి వస్తే బ్యాటరీ రెండు తీగలూ విప్పండి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఉంటే దాని కనెక్టర్ కూడా. ఎర్త్ క్లాంపు వెల్డు పక్కనే పెట్టండి, దూరంగా పెడితే కరెంటు బేరింగుల్లోంచి దారి వెతుక్కుంటుంది. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు ఛాసిస్ పట్టీ వెంబడే పోతుంటాయి. డ్రిల్లు వేసేముందు కూడా అవతలి వైపు చేయి పెట్టి తడిమి చూడండి.

ట్రైలర్ మెడ ఎంత పొడవు, ఎంత ఎత్తు ఉండాలి?

మొదటి ట్రైలర్ చేసేవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. నేరుగా నిలబెట్టి చూస్తే అంతా బాగానే ఉంటుంది. మలుపులో ట్రైలర్ ముందు అంచు పికప్ వెనుక మూలకు తగులుతుంది.

బంతి నుంచి పికప్ వెనుక అంచుకు 1.2 మీటర్లు, బండి సగం వెడల్పు 0.85 మీటర్లు అనుకోండి. బంతి నుంచి వెనుక మూలకు ఐమూలగా దూరం 1.47 మీటర్లు. ట్రైలర్ డబ్బా ముందు అంచు బంతికి ఇంతకంటే దగ్గరుంటే మలుపులో తగలక తప్పదు. ఇంకో 15 నుంచి 20 సెంటీమీటర్లు కలుపుకుని 1.65 మీటర్లు పెట్టుకోండి. కొలత మీద నమ్మకం లేకపోతే షాపు ముందు నేల మీద ముగ్గుపిండితో పికప్ ఆకారం గీసి, బంతి ఉన్నచోట మేకు కొట్టి, తాడు కట్టి గుండ్రంగా తిప్పి చూడండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

మెడ అడుగుభాగానికీ డెక్ పక్క పలకల పైఅంచుకూ మధ్య కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలి. గట్టు దాటేటప్పుడు పికప్ ముక్కు కిందికి, ట్రైలర్ ముక్కు పైకి అవుతాయి, ఆ ఖాళీ అప్పుడు అక్కరకొస్తుంది. మన పికప్‌లలో చాలావాటికి డెక్ చక్రాల పైన ఉంటుంది, అమెరికా బండ్లలో చక్రాల మధ్యకు దిగి ఉంటుంది. వాళ్ల డ్రాయింగులు చూసి మెడ ఎత్తు కాపీ కొట్టకండి.

ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరా?

యూరప్‌లో బ్రేకులు లేకుండా అనుమతించే ట్రైలర్ మొత్తం బరువు 750 కిలోల వరకే. నేనూ ఆ అంకెనే పట్టుకున్నాను. దాటితే బ్రేకు ఉండాలి. అమెరికాలో ట్రైలర్ చక్రాలకు 12 వోల్టుల ఎలక్ట్రిక్ డ్రమ్ బ్రేకులు, డ్రైవర్ దగ్గర ఒక కంట్రోలర్ పెడతారు. ట్రైలర్ తెగిపోతే దానంతటదే బ్రేకు పట్టేలా చిన్న బ్యాటరీ, లాగితే ఊడే స్విచ్ కూడా ఉంటాయి.

రెండు టన్నుల ట్రైలర్ బ్రేకు లేకుండా ఉంటే, గట్టిగా ఆపినప్పుడు బంతిని టన్ను బలంతో ముందుకు తోస్తుంది. మీ వెనకాల క్యాబిన్ గోడ ఉంది, దాని వెనకాల ఆ బంతి ఉంది.

గొలుసులు ఎందుకు, కప్పుకు లాక్ ఉంది కదా?

లాక్ పడిందనుకున్నప్పుడు పడకపోవచ్చు కాబట్టి. మా షాపులోనే ఒక కుర్రాడు తగిలించి, లివర్ కిందికి నొక్కి "పడింది" అన్నాడు. కప్పు బంతి మీద కూర్చుంది కానీ లాక్ నాలుక బంతి మెడ కిందికి పోలేదు, నడినెత్తి మీదే ఆగింది. తోట గేటు దగ్గర చిన్న గట్టు ఎక్కేసరికి మెడ పైకి లేచి డెక్ మీద పడింది. రెండు గొలుసులు ఉండబట్టి ట్రైలర్ అక్కడే ఆగింది, డెక్ రేకుకు ఒక సొట్టతో పోయింది. ఆ సొట్ట తీయించలేదు, కొత్తగా వచ్చే కుర్రాళ్లకు చూపించడానికి పనికొస్తుంది.

అప్పటినుంచి పద్ధతి ఇది: తగిలించాక ట్రైలర్ ముందు జాకీని ఇంకో నాలుగు చుట్లు పైకి తిప్పాలి. పికప్ వెనుకభాగం కూడా లేస్తే లాక్ పడినట్టు. మెడ ఒక్కటే లేస్తే పడనట్టు. గొలుసు కొక్కేలు మధ్య ప్లేటుకు బోల్టుతో బిగించిన యూ-బోల్టులకు తగిలించాలి, డెక్ రింగులకు కాదు.

నడపడంలో తేడా ఉంటుందా?

వెనక్కి తీసేటప్పుడు ట్రాలీ కంటే నెమ్మదిగా తిరుగుతుంది, ఆ విషయంలో హాయి. మలుపులో మాత్రం ట్రైలర్ చక్రాలు లోపలి వైపుకు బాగా కోసుకుపోతాయి. ఊళ్లో బొడ్రాయి దగ్గర మలుపు తిప్పినట్టు అలవాటుగా తిప్పితే లోపలి చక్రం ఎవరో ఒకరి అరుగు ఎక్కుతుంది. వెడల్పుగా వెళ్లి ఆలస్యంగా తిప్పాలి.

ఇంత తతంగం కంటే ట్రాక్టర్ ట్రాలీయే మేలేమో?

పది మందిలో ఆరుగురికి అదే చెప్పి పంపిస్తాను. ట్రాక్టర్ లాగడానికే పుట్టింది, ట్రాలీకి రిజిస్ట్రేషన్ దారి ఉంది, విడిభాగాలు ప్రతి మండలంలో దొరుకుతాయి. పికప్, గూస్‌నెక్ అర్థవంతంగా ఉండేది ఆవరణ పెద్దదై, దూరాలు ఎక్కువై, లోడు తేలికై జాగా ఎక్కువ తీసుకునేదైనప్పుడు. గడ్డి కట్టలు, ఖాళీ కోళ్ల పంజరాలు, మామిడి క్రేట్లు లాంటివి.

మా పికప్‌కి ఎవరో ముందే వెల్డ్ చేసి పెట్టారు. బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

వైరు బ్రష్‌తో వెల్డు చుట్టూ పెయింటు, తుప్పు పూర్తిగా గీకేయండి. కిరసనాయిలు పూసి పావుగంట వదలండి. లేదంటే డీజిల్ అయినా ఫర్వాలేదు. పొడి గుడ్డతో బాగా తుడవండి, తడి కనిపించకూడదు. ఆ తర్వాత సుద్దముక్క అడ్డంగా పెట్టి అంతా తెల్లగా రుద్దండి. ట్రైలర్ మెడ మీద ఇద్దరిని ఎక్కించి నాలుగుసార్లు గెంతమనండి. పగులు ఉంటే లోపల దాక్కున్న నూనె బయటికి వచ్చి సుద్ద మీద సన్నని తడి గీతగా కనిపిస్తుంది. ముఖ్యంగా ఛాసిస్ పైఅంచు, వెల్డు మొదలైన చోట, ఆగిన చోట చూడండి. గీత కనిపిస్తే దాని మీద ఇంకో వెల్డు వేసి మూయకండి. ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, ఖాళీ బండి తీసుకురండి. గీత చివర్లో రంధ్రం వేసి ఆపాలా, పట్టీ ముక్క మార్చాలా అన్నది కింద దూరి చూసి చెప్పాల్సిందే.